రైలు పక్కకి తప్పుకున్న రేవులే చవక: బరంపురం చుట్టూ కళింగ తీరంలో చిన్న ప్రయాణాలు

బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు తెలుగువాళ్ళ ఇళ్ళల్లో రెండు రోజులు సెలవు కలిసొస్తే మాటల్లోకి వచ్చేవి రెండే ఊళ్ళు, ఒకటి పూరీ, రెండోది వైజాగ్. రెండూ చూడదగ్గవే. కానీ శని, ఆదివారాలకి గది రేటు చూడగానే సగంమంది వెనక్కి తగ్గుతారు, మిగతా సగంమంది వెళ్ళి ఆ డబ్బుకి తగ్గ ప్రశాంతత దొరకలేదని తిరిగొస్తారు. పూరీకీ వైజాగ్‌కీ మధ్య రైలు దారిన నాలుగు వందల కిలోమీటర్లకు పైగా దూరం ఉంది. ఆ మధ్యలో ఉన్నదంతా పాత కళింగ తీరం, అంటే అశోకుడి శాసనం, బౌద్ధుల కొండలు, గంగరాజుల గుళ్ళు, డచ్చివాళ్ళ సమాధులు, ఒకప్పుడు రంగం, అంటే బర్మా, వెళ్ళే ఓడలు బయల్దేరిన రేవులు. ఇవన్నీ ఒడిశా, ఆంధ్ర సరిహద్దు జిల్లాల వాళ్ళకి గడప ముందే ఉన్నాయి, పూరీ, వైజాగుల కంటే చాలా తక్కువ డబ్బుతో చూసిరావచ్చు.

ఎందుకు తక్కువంటే దానికి రైలే కారణం. 1893 నుంచి 1896 మధ్య ఈస్ట్ కోస్ట్ రైల్వే విజయవాడ నుంచి కటకం దాకా పట్టాలు వేసినప్పుడు, సముద్రపు ఒడ్డు పట్టుకుని పోకుండా చాలాచోట్ల పది, ఇరవై కిలోమీటర్లు లోపలికి జరిగి వేశారు. అప్పటిదాకా ఈ ప్రాంతపు సరుకు, మనుషులు అంతా రేవుల మీదుగానే వెళ్ళేవి. గోపాల్‌పూర్, బారువ, కళింగపట్నం, భీమిలి ఇలాంటి రేవులే. సరుకు రైలెక్కడం మొదలయ్యాక రేవులు ఒక్కొక్కటే వెనకబడ్డాయి, స్టేషన్ పడిన ఊళ్ళు పెరిగాయి. బరంపురం పెరిగింది, పలాస పెరిగింది, సముద్రమూ రైలూ రెండూ కలిసిన విశాఖపట్నం అయితే మహానగరమే అయింది. పూరీకి మాత్రం 1897లోనే ఖుర్దా రోడ్ నుంచి ప్రత్యేకంగా పట్టా వేశారు, అందుకే అక్కడ రైలు దిగిన మనిషి పది నిమిషాల్లో ఇసుక మీద ఉంటాడు. ఆ సౌకర్యానికే ఇవాళ గది అద్దెలో డబ్బు కడుతున్నాం.

కాబట్టి ఈ తీరంలో ఖర్చు లెక్క వేసేటప్పుడు హోటల్ రేటు ఒక్కటే చూస్తే సరిపోదు. స్టేషన్ నుంచి సముద్రానికి ఎంత దూరం, ఆ దూరానికి బస్సు ఉందా, షేర్ ఆటో ఉందా, లేక ఆటో మొత్తం మాట్లాడుకోవాలా అన్నది ముందు చూడాలి. పాత రేవుల్లో గది చవకే, కానీ స్టేషన్ దిగి తెలియక ఆటో మొత్తం మాట్లాడేసుకుంటే రైలు టికెట్టుకి పెట్టినదానికి ఎన్నో రెట్లు ఆ చివరి ఇరవై కిలోమీటర్లకే పోతుంది. పాసింజరు రైలెక్కి పొదుపు చేసిన డబ్బంతా చాలామందికి అక్కడే కరిగిపోతుంది. దీనికి ఉన్న ఉపాయం ఒకటే. స్టేషన్, బస్టాండు ఉన్న ఊళ్ళో రాత్రి ఉండి, పగలు బస్సుల మీద తిరగడం. బరంపురం, శ్రీకాకుళం, భువనేశ్వర్, ఈ మూడూ అలాంటి మకాం ఊళ్ళు.

మొదట దగ్గరిది. గోపాల్‌పూర్ బరంపురానికి పదహారు కిలోమీటర్లే కాబట్టి గంజాం జిల్లావాళ్ళు దాన్ని ప్రయాణం కింద లెక్కే వేయరు, సాయంత్రం వెళ్ళి వేయించిన చేపలు తిని, కాసేపు అలల దగ్గర నిలబడి, చీకటి పడేసరికి ఇంటికొచ్చేస్తారు. కానీ ఈ ఊరికి ఒక పూట చాలదు. రెండో ప్రపంచ యుద్ధం దాకా ఇక్కడినుంచి రంగూన్‌కి స్టీమర్లు నడిచాయి. గంజాం, శ్రీకాకుళం పల్లెల నుంచి కూలికి రంగం పోయినవాళ్ళలో ఎంతోమంది ఎక్కిన ఓడ ఇక్కడిదే, ఆ కుటుంబాల మనవలు, మునిమనవలు ఇప్పటికీ ఈ జిల్లాల్లో ఉన్నారు. యుద్ధంతో ఆ దారి మూసుకుపోయింది, రేవు పాడుబడింది, కూలిన పాత గోడలు ఒడ్డున ఇంకా కనిపిస్తాయి. ఇప్పుడున్న కొత్త పోర్టు వేరు, అది ఊరికి ఎడంగా ఉంటుంది. మామూలు రోజు మధ్యాహ్నం చేరుకుని ఒక రాత్రి ఉంటే, లైట్‌హౌస్, పాత బంగళాల వీధి, తెల్లారగట్ల ఒడ్డుకి చేరే పడవలు అన్నీ నింపాదిగా చూడొచ్చు. ఆ పడవల దగ్గర వినిపించేది చాలావరకు తెలుగే, ఇక్కడి మత్స్యకారుల్లో ఎక్కువమంది తెలుగువాళ్ళు. వారాంతంలో గది దొరకడం కష్టం, మంగళ, బుధవారాల్లో బేరం కుదురుతుంది.

గోపాల్‌పూర్ కంటే ఎక్కువ పట్టించుకోవాల్సిన చోటు ఋషికుల్యా నది ఒడ్డు. బరంపురం నుంచి పురుషోత్తంపూర్ వైపు బస్సెక్కితే, అక్కడికి దగ్గర్లో జౌగడ అనే చోట ఒక రాతి గుట్ట మీద అశోకుడి శాసనం ఉంది. కళింగ యుద్ధం గురించి బడిలో చదివినవాళ్ళు లక్షలమంది ఉంటారు, ఆ యుద్ధం చేసిన రాజు ఓడిపోయిన జనానికి ఏం చెప్పాడో రాసిన రాయి ఇంటికి ముప్పై, నలభై కిలోమీటర్లలో ఉందని తెలిసినవాళ్ళు మాత్రం తక్కువ. ఆ రాయిలో ఒక విశేషం ఉంది. అశోకుడి పదమూడో శిలాశాసనంలో, క్రీస్తు పూర్వం 261 ప్రాంతంలో జరిగిన ఆ యుద్ధంలో లక్షమంది చచ్చిపోయారని, లక్షన్నరమందిని పట్టుకుపోయారని, దానికి తను బాధపడుతున్నానని ఉంటుంది. మిగతా చోట్ల చెక్కించిన ఆ శాసనాన్ని కళింగలో మాత్రం చెక్కించలేదు. భువనేశ్వర్ దగ్గర ధౌళిలోనూ, ఇక్కడ జౌగడలోనూ దాని బదులు వేరే శాసనాలు పెట్టారు, అందులో మనుషులందరూ నా బిడ్డలే అని, అధికారులు జనాన్ని ఊరికే జైల్లో పెట్టి హింసించకూడదని ఉంది. ధౌళిలో ఆ మాట తోసలి పట్టణపు అధికారులకి, జౌగడలో సమాపా అనే పట్టణపు అధికారులకి. దెబ్బతిన్న జనం ముందు దెబ్బల లెక్క చెప్పకూడదని ఒక రాజు అనుకున్నాడంటే, కనీసం మనకి అలా తోస్తుందంటే, ఆ రాయి ముందు ఒక గంట నిలబడటానికి అది చాలదా? దీనికోసం ఢిల్లీ మ్యూజియానికి వెళ్ళక్కర్లేదు, టిఫిన్ కట్టుకుని బస్సెక్కితే చాలు.

జౌగడ వెళ్ళినవాళ్ళు అదే రోజు తారాతరిణి కొండ కూడా చూసి రావచ్చు, రెండూ దగ్గరదగ్గరే. కొండకి 999 మెట్లు, ఎక్కలేనివాళ్ళకి రోప్‌వే ఉంది. చైత్రమాసం మంగళవారాల్లో అక్కడ అడుగు పెట్టే సందు ఉండదు, మొక్కు ఉన్నవాళ్ళు తప్ప మిగతావాళ్ళు ఆ రోజులు మానుకోవడం మంచిది. పురుషోత్తంపూర్‌లో ఒకే ఆటో మాట్లాడుకుని రెండు చోట్లకీ తిరిగితే నలుగురున్న కుటుంబానికి గిట్టుబాటు అవుతుంది. ఇదే నది సముద్రంలో కలిసే దగ్గర గంజాం ఊరుంది, జిల్లాకి పేరిచ్చిన ఊరు. 1768లో ఇంగ్లీషువాళ్ళు అక్కడ పోతాగఢ్ కోట కట్టించారు. 1815లో జ్వరాలు ప్రబలి ఊరు ఖాళీ అయ్యాకే జిల్లా పెత్తనం బరంపురం వైపు మళ్ళింది. కోటలో చూడటానికి పెద్దగా మిగల్లేదు, పాత కట్టడాలంటే ఇష్టం ఉన్నవాళ్ళు దారిలో ఆగితే సరిపోతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మాత్రం ఆ నదీముఖం దగ్గరికి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుంపులుగా వచ్చి గుడ్లు పెడతాయి. 2025లో దాదాపు ఏడు లక్షలు వచ్చాయి. ప్రతి ఏడాదీ వస్తాయన్న నమ్మకం లేదు, ఏ రాత్రి వస్తాయో ముందుగా చెప్పలేరు కూడా, కాబట్టి దానికోసమే దూరం నుంచి టికెట్లు కొనుక్కుని వస్తే నిరాశపడే అవకాశం ఎక్కువ. దగ్గరున్న బరంపురం, ఛత్రపురం వాళ్ళకే ఆ వీలుంది. వార్త వినగానే బయల్దేరడం, టార్చిలైటు, ఫ్లాష్ వాడకుండా అటవీశాఖవాళ్ళు ఆగమన్న చోట ఆగి చూడటం. పిల్ల తాబేళ్ళు బయటికి రావడానికి ఇంకో నెలన్నర పడుతుంది, అది కూడా చూడదగ్గదే.

చిలికా సంగతి కొంచెం వేరు. ఒడిశాకి వచ్చే టూరిస్టులు డాల్ఫిన్ల కోసం పూరీ నుంచి సాతపడా వైపు వెళ్తారు. బరంపురం నుంచి అయితే రంభా, బర్కుల్ దగ్గర. రెండుచోట్లా ఒడిశా టూరిజం వాళ్ళ పాంథనివాస్ అతిథి గృహాలు ఉన్నాయి. ఇక్కడ తెలుసుకోవాల్సింది పడవ లెక్క. మోటారు బోటుకి సాధారణంగా పడవ మొత్తానికి అద్దె ఉంటుంది, మనిషికి ఇంత అని కాదు. ఇద్దరు వెళ్తే ఖరీదు, ఎనిమిదిమంది వెళ్తే చవక. కాబట్టి ఇది రెండు మూడు కుటుంబాలు కలిసి పెట్టుకోవాల్సిన ప్రయాణం, లేకపోతే రేవు దగ్గర కాసేపు ఆగి వేరే వాళ్ళతో కలవాలి. సరస్సు మధ్య దీవి మీదున్న కాళీజాయి గుడికి వెళ్ళేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు కాబట్టి బర్కుల్ దగ్గర అలా కలవడం తేలిక. వలస పక్షులు కావాలంటే నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలోనే వెళ్ళాలి.

ఇప్పుడు దక్షిణం వైపు. శ్రీకాకుళాన్ని విహారయాత్రకి ఎంచుకునేవాళ్ళు చాలా తక్కువ, అది పెళ్ళిళ్ళకి, చుట్టాలింటికి వెళ్ళే ఊరు అన్నట్టే చూస్తారు. డబ్బు, చరిత్ర రెండూ చూసుకుంటే మాత్రం ఈ తీరం మొత్తంలో అన్నిటికన్నా మంచి మకాం అదే. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఆమదాలవలసలో ఉంటుంది, అక్కడినుంచి ఊళ్ళోకి పదమూడు కిలోమీటర్లు, బస్సులు తరచుగా ఉంటాయి. ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల లాడ్జీల్లో మామూలు గదులు దొరుకుతాయి. ఊరి అంచునే అరసవల్లి సూర్యనారాయణస్వామి, ఆదివారం, రథసప్తమి తప్పించి ఏ రోజైనా ప్రశాంతంగా దర్శనం అవుతుంది. పదిహేను కిలోమీటర్ల దూరంలో శ్రీకూర్మం, విష్ణుమూర్తి కూర్మావతారంగా పూజలందుకునే అరుదైన గుడి, మండపం గోడల మీద పాత రంగుల బొమ్మలు ఉన్నాయి, వాటిని చూడకుండా దర్శనం చేసుకుని వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ, అది చాలా నష్టం.

అక్కడినుంచి వంశధార ఒడ్డు పట్టుకుంటే శాలిహుండం కొండ వస్తుంది. స్తూపాలు, చైత్యాలు, కింద నది, ఆ పక్కన కాసింత దూరంలో సముద్రం. ఈ చోటుని 1919లో గుర్తించింది గిడుగు రామమూర్తి పంతులు గారు. వాడుక భాష ఉద్యమం వల్ల ఆయన్ని అందరూ ఎరుగుదురు, పర్లాకిమిడిలో పంతులుగా పనిచేస్తూ సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం రాసిన మనిషిగా గజపతి జిల్లావాళ్ళు ఇంకా బాగా ఎరుగుదురు. ఆయన పనిచేసిన పర్లాకిమిడి నుంచి శాలిహుండానికి వెళ్ళడం ఇవాళ ఒక పగటి ప్రయాణం. అక్కడినుంచి పది కిలోమీటర్లలో కళింగపట్నం, వంశధార సముద్రంలో కలిసే చోటు, లైట్‌హౌస్, పెద్దగా జనం లేని ఒడ్డు. రాత్రి ఉండటానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు, సాయంత్రం బస్సుకి శ్రీకాకుళం వచ్చేయడమే మేలు. ఆఖరి బస్సు ఎన్నింటికో దిగేటప్పుడే కండక్టర్ని అడిగి పెట్టుకోవాలి.

పర్లాకిమిడి, గుణుపూర్ వాళ్ళకి ఇంకా దగ్గర దారి ముఖలింగం. మధుకేశ్వర, సోమేశ్వర, భీమేశ్వర ఆలయాలు మూడూ నడిచి తిరిగేంత దూరంలోనే ఉంటాయి. తూర్పు గంగరాజుల పాత రాజధాని కళింగనగరం ఇదేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ఈ వంశంలోని అనంతవర్మ చోడగంగదేవుడే పన్నెండో శతాబ్దంలో రాజధానిని కటకానికి మార్చి, ఇప్పుడున్న పూరీ జగన్నాథ ఆలయాన్ని కట్టించడం మొదలుపెట్టాడు. పదమూడో శతాబ్దంలో కోణార్క్ కట్టించిన నరసింహదేవుడు కూడా ఈ వంశమే. ముఖలింగం, పూరీ, కోణార్క్ మూడూ ఒకే కథలో ముందూ వెనకా వచ్చే అధ్యాయాలు, కాకపోతే రెండు రాష్ట్రాల టూరిజం పుస్తకాల్లో రెండు ముక్కలుగా అచ్చవుతున్నాయి. సరిహద్దులో ఉండి రెండు భాషలూ వచ్చిన కుటుంబానికి ఆ కథని వరసగా చూసుకునే వీలుంది, మొదటిది చూడకుండా చివరిది చూడటం వల్ల కోణార్క్‌లో శిల్పాలు మాత్రమే కనిపిస్తాయి, అంత సామర్థ్యం ఎక్కడ మొదలైందో తెలియదు.

బస్సుల విషయంలో సరిహద్దువాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల్లో టికెట్ లేదు, కానీ అది ఆ రాష్ట్రంలో నివాసం ఉన్నవాళ్ళకే. ఒడిశా చిరునామా ఉన్న ఆధార్ చూపిస్తే టికెట్ కొనాల్సిందే, రాష్ట్రం దాటే బస్సుల్లో ఎవరికీ ఉచితం లేదు. ఇచ్ఛాపురంలో అక్క, బరంపురంలో చెల్లెలు ఉన్న కుటుంబాలు ఇక్కడ ఎన్నో, ఇద్దరూ కలిసి శ్రీకాకుళం తిరిగితే ఒకరికి టికెట్, ఒకరికి లేదు. ఖర్చు లెక్క వేసుకునేటప్పుడు ఇది ముందే తెలిసుంటే బస్సులో వాదన ఉండదు.

పూరీకి వెళ్ళొద్దని కాదు. వెళ్ళాలి, కానీ రోజు చూసుకుని వెళ్ళాలి. ఇక్కడ పంచాంగం పనికొస్తుంది. ఒడిశాలో నెల పౌర్ణమితో ముగుస్తుంది, మనకి అమావాస్యతో. అంటే ఒడియావాళ్ళ కార్తీకం దీపావళికి పదిహేను రోజుల ముందే మొదలై కార్తీక పౌర్ణమితో అయిపోతుంది, మన కార్తీకం ఆ తర్వాత ఇంకో పక్షం ఉంటుంది. దసరా సెలవుల బెంగాలీ యాత్రికులు, కార్తీక వ్రతం పట్టే ఒడియా ఆడవాళ్ళు, చివరి అయిదు రోజుల పంచుక రద్దీ అన్నీ కలిసి పౌర్ణమి దాకా పూరీ కిటకిటలాడుతుంది. పౌర్ణమి దాటాక జనం పలచబడతారు, తెలుగువాళ్ళకి మాత్రం ఇంకా కార్తీకమే. ఆ పక్షంలో వారం మధ్య రోజు చూసుకుని వెళ్తే పుణ్యమాసపు దర్శనమూ దక్కుతుంది, గదికీ పండగ రేటు కట్టక్కర్లేదు. గుడిలోని ఆనందబజారులో మహాప్రసాదం కొనుక్కుంటే భోజనం ఖర్చు కూడా తక్కువే. సముద్రం ఒడ్డున పెంటకోట వైపు వెళ్తే మత్స్యకారుల బస్తీలో తెలుగు వినిపిస్తుంది, తరాల కిందట మన తీరం నుంచి వెళ్ళి స్థిరపడినవాళ్ళు.

పూరీలో రద్దీ తప్పని రోజులైతే భువనేశ్వర్‌లో మకాం పెట్టడం తెలివైన పని. పెద్ద ఊరు కాబట్టి అన్ని రేట్లలో గదులు ఉంటాయి, సిటీ బస్సులు పూరీ దాకా నడుస్తున్నాయి. ఊళ్ళోనే లింగరాజు, ముక్తేశ్వర ఆలయాలు, కాస్త దూరంలో కళింగ రాజు ఖారవేలుడి శాసనం ఉన్న ఉదయగిరి గుహలు, జౌగడ చూసినవాళ్ళు తప్పక చూడాల్సిన ధౌళి. కోణార్క్‌కి రైలు లేదు, పూరీ నుంచి ముప్పై అయిదు కిలోమీటర్లు బస్సులో వెళ్ళడమే. పదిహేనేళ్ళలోపు పిల్లలకి పురావస్తు శాఖ కట్టడాల్లో ప్రవేశ రుసుము లేదు, వయసు తెలిసే కార్డు ఏదైనా దగ్గర ఉంచుకోవాలి. గుణుపూర్, పర్లాకిమిడి వాళ్ళకి పూరీకి నేరుగా రైలుంది, బరంపురం వచ్చి మారక్కర్లేదు.

రాయగడ, కొరాపుట్ వాళ్ళకి ఈ లెక్కంతా తిరగబడుతుంది. రాయగడ రైళ్ళు విజయనగరం మీదుగా, కొరాపుట్ నుంచి వైజాగ్ రైళ్ళు అరకు మీదుగా దిగుతాయి కాబట్టి వైజాగే దగ్గర. అక్కడ బీచ్ రోడ్డు హోటళ్ళ జోలికి పోకుండా స్టేషన్ లేదా కాంప్లెక్స్ దగ్గర గది తీసుకుని, భీమిలి వెళ్ళే సిటీ బస్సు ఎక్కాలి. దారిలో తొట్లకొండ, సముద్రం కనిపించేలా కట్టుకున్న బౌద్ధారామం, చివర భీమిలిలో పదిహేడో శతాబ్దం నాటి డచ్చి సమాధులు. భీమిలి 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు, అయినా ఇవాళ్టికీ వీధులు నిదానంగా ఉంటాయి.

నెల విషయానికి వస్తే, అక్టోబరు చాలామందికి ఇష్టం, దసరా సెలవులు కదా. కానీ ఈ తీరానికి అది తుపాన్ల నెల. 2013లో ఫైలిన్ అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర, 2014లో హుద్‌హుద్ అదే తేదీన విశాఖ దగ్గర, 2018లో తిత్లీ 11న పలాస దగ్గర తీరం దాటాయి. ఆ వారానికి గది ముందే తీసుకునేవాళ్ళు రద్దు చేస్తే డబ్బు వెనక్కి వచ్చేదే తీసుకోవాలి, బయల్దేరే ముందు రోజు వాతావరణ శాఖ హెచ్చరికలు చూసుకోవాలి. డిసెంబరు, జనవరి నెలల్లో సముద్రం నెమ్మదిగా కనిపిస్తుంది, అయినా గోపాల్‌పూర్‌లోనూ కళింగపట్నంలోనూ ఒడ్డు ఒక్కసారిగా లోతవుతుంది, కాళ్ళ కింద ఇసుకని లాగేసే ప్రవాహం ఉంటుంది. పూరీలో నోళియాలనే మత్స్యకారులు కాపలా ఉంటారు, చిన్న ఒడ్డుల్లో ఎవరూ ఉండరు. పిల్లలతో వెళ్ళేవాళ్ళు అక్కడి మత్స్యకారుల్ని అడిగి, వాళ్ళు సరేనన్న చోటే, మోకాలి లోతు దాటకుండా నీళ్ళలో దిగాలి.